ఒకే గుంత మట్టి

సోమవారం పదకొండు గంటలకు అసిరమ్మ మట్టి పరీక్షల ల్యాబ్ కౌంటరు మీద రెండు కార్డులు పక్కపక్కన పెట్టింది. రెండూ ఆకుపచ్చ అట్ట కార్డులే. ఒకదాని మీద ఆమె పేరు, రెండోదాని మీద ఆమె కోడలు నూకమ్మ పేరు. రెండింటి అంచులూ కలిసేలా బొటనవేలితో సర్ది, చేతులు వెనక్కి తీసుకుంది.

శైలజ గాజు కుప్పెలు కడిగి చేతులు తుడుచుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చింది. టాటానగర్‌లో, బిష్టుపూర్ మెయిన్ రోడ్డు మీద, చెప్పుల షాపు పైన రెండో అంతస్తులో ఉన్న ఆ ప్రైవేటు ల్యాబ్‌లో మట్టిని పరీక్ష చేయడం వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఇన్‌చార్జి సౌరభ్ ఫోన్లూ రిపోర్టులూ చూసుకుంటాడు. కౌంటరు దగ్గర ఎవరొచ్చినా హిందీలోనే పలకరించే అలవాటు కాబట్టి, ఏం పని మీద వచ్చారని శైలజ హిందీలోనే అడిగింది. అసిరమ్మ వచ్చీరాని హిందీలో మొదలుపెట్టి, సగంలో ఆగి, "ఏటి సెప్పాలో యీలకి" అని తనలో తను గొణుక్కుంది.

"తెలుగులోనే చెప్పండి పెద్దమ్మా," అంది శైలజ.

అసిరమ్మ ఆశ్చర్యపోలేదు, సంతోషపడనూ లేదు. భాష మాత్రం మార్చింది. గోవింద్‌పూర్ కాలనీలు దాటాక రోడ్డు దిగువన తమ మడులున్నాయని, అక్కడ ఇరవై ఒక్క మంది ఆడవాళ్లు కూరగాయలు పండిస్తారని చెప్పింది. ఏప్రిల్లో ఈ ల్యాబ్ మనుషులు వచ్చి సంచులిచ్చి మట్టి నింపమన్నారు. రెండు వారాల కిందట కార్డులు వచ్చాయి.

"రెండు సంచుల మట్టీ ఒకే గుంతలోది. నా సేత్తోనే తీసినాను. ఒకటి నా పేర ఇచ్చినాను, ఒకటి కోడలు పేర. ఇందులో నాదేదో సెప్పు పాపా."

శైలజ కార్డులు చేతిలోకి తీసుకుంది. మట్టి పులుపును చెప్పే అంకె మొదటి కార్డులో ఆరు పాయింట్ ఎనిమిది, రెండో కార్డులో ఏడు పాయింట్ మూడు. మొదటి దాంట్లో ఎకరాకు బస్తా యూరియా, రెండో దాంట్లో బస్తాన్నర. ఆ చుట్టుపక్కల ఎర్రమట్టిలో ఆమె తొమ్మిదేళ్లుగా మీటరు ముంచి చూస్తోంది. ఏడు దాటిన మట్టి వేళ్ల మీద లెక్కపెట్టేటంత కూడా రాలేదు. ఆ అంకె ఏడుకు ఎంత తగ్గితే మట్టి అంత పులుపు. ఆ నేలలు పుల్లటి నేలలు. యూరియా వేసేకొద్దీ ఇంకా పులుస్తాయి.

కార్డుల అడుగున ఆమె సంతకం ఉంది. కలంతో చేసింది కాదు. అచ్చులో పడినది.

మే నెలలో ఆమె రెండు వారాలు సెలవు పెట్టింది. తిరిగి వచ్చేసరికి ఆరువందల నలభై కార్డులు అచ్చయి ఊళ్లకు వెళ్లిపోయి ఉన్నాయి. బయటి మనుషులను పెట్టి పని చేయించానని సౌరభ్ అన్నాడు. వెనక గదిలో సంచులు మూతులకు కట్టిన దారాలతో అలాగే ఉన్నాయి. ఆమె వాటిని చూసింది. చూసి, తలుపు చేరవేసి వచ్చి తన పనిలో పడింది.

ఇప్పుడు ఆ తలుపు వైపు చూడకుండా, రెండు రోజులు గడువు ఇమ్మని అడిగింది.

"వానకి ముందు సెప్పాల," అంది అసిరమ్మ. "ఒకపాలి వాన పడితే అందరూ యూరియా సల్లెత్తారు. కార్డులో రాసున్నాది గదా అని. మా కోడలు ఆగనేదు. దాని వంగ మొక్కలు అంచులెంట మాడిపోయినాయి."

ఆమె ఒక కార్డు మడిచి రవికలో పెట్టుకుంది. రెండోది కౌంటరు మీదే వదిలి, మెట్ల గోడ పట్టుకుని నెమ్మదిగా దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం సౌరభ్ భోజనానికి వెళ్లగానే శైలజ వెనక గది తెరిచింది. సంచులు గోడ వారగా నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. గోవింద్‌పూర్ వైపు సంచులు వెతికి పట్టుకోవడానికి అరగంట పట్టింది. అసిరమ్మది, నూకమ్మది పక్కపక్కనే ఉన్నాయి. రెండు దారాలకూ ఒకే రకం ముడి. పొలంలో మోపు కట్టే ముడి, లాగితే బిగిసేది. చేత్తో ఊడదీయలేక కత్తెరతో కోసింది.

రెండు వార్తాపత్రికలు పరిచి మట్టిని వేరువేరుగా ఆరబోసింది. నెలన్నర మూతి బిగించి ఉన్నా మట్టి నుంచి మంచి వాసన వచ్చింది. పేడ ఎరువు బాగా మాగిన వాసన. గడ్డలను చెక్క సుత్తితో చితక్కొట్టి, వేళ్లూ గులకరాళ్లూ ఏరి, జల్లెడ పట్టింది. ఇరవై గ్రాముల మట్టిలో యాభై మిల్లీలీటర్ల నీళ్లు పోసి గాజు కడ్డీతో కలిపింది. అరగంట ఆగాలి. ఆగింది. మీటరును మొదట తెలిసిన ద్రావణాలలో ముంచి సరిచూసుకుంది. తర్వాత మొదటి బీకరులో ముంచింది. నాలుగు పాయింట్ తొమ్మిది. కడిగి, అద్ది, రెండో దాంట్లో ముంచింది. నాలుగు పాయింట్ తొమ్మిది.

తర్వాత మట్టిలో సారం ఎంతుందో చూసే పరీక్షకు కూర్చుంది. ఒక్కో కుప్పెలో గ్రాము మట్టి వేసి, నారింజరంగు ద్రావణం పది మిల్లీలీటర్లు కొలిచి పోసింది. గాగుల్స్ పెట్టుకుని, ఆసిడ్ పోసి, మెల్లగా తిప్పింది. కుప్పె అడుగు చేతికి చురుక్కుమంది. మట్టిలో సారం ఉంటే ఆ నారింజ రంగును తినేసి ఆకుపచ్చకు తిప్పుతుంది. లేకపోతే నారింజ నారింజలాగే మిగిలిపోతుంది. అరగంట తర్వాత రెండు కుప్పెలూ చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి. అసిరమ్మ పొలం పులిసిన మాట నిజమే, కానీ బతికి ఉంది. అందులో పోయాల్సింది యూరియా కాదు, సున్నం. ఆమె తెచ్చిన రెండు కార్డుల్లో ఏదీ ఆమెది కాదు.

సౌరభ్ తలుపు దగ్గర నిలబడి ఉండటం ఆమె తర్వాత గమనించింది. అతను కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, మంచిగానే చెప్పాడు. మే నెలాఖరుకు కార్డులు ఇవ్వకపోతే వ్యవసాయ శాఖ కాంట్రాక్టు పోయేది. పోయినేడు వేరే బ్లాకు ఊళ్లకు వచ్చిన సగటు తీసుకుని అటూ ఇటూ కొంచెం మార్చాం, అంతే. పెద్ద తేడా ఏముంటుంది? ఆ కార్డులు చదివేది ఎవరు?

ఒకావిడ చదివిందని శైలజ చెప్పింది. ఇప్పుడు ఊళ్లకు కబురు పంపి కార్డులు వెనక్కి తెప్పించాలంది.

సౌరభ్ కుర్చీ వెనక్కి జరిపాడు. లేచి వెళ్తూ, అదే నెమ్మదైన గొంతుతో, "దస్తఖత్ తో ఆప్‌కా హై, మేడమ్," అన్నాడు.

సంతకం మీదే కదా అన్న ఆ మాట గదిలో ఉండిపోయింది. శైలజ కుప్పెలను మూడుసార్లు కడిగింది. రెండుసార్లు చాలు.

బుధవారం ఆమె సెలవు పెట్టి గోవింద్‌పూర్ ఆటో ఎక్కింది. సంచీలో పోర్టబుల్ మీటరు, రెండు సీసాల నీళ్లు, పాలిథిన్ కవర్లు. ట్రక్కుల ఫ్యాక్టరీ షిఫ్టు మారే వేళ కావడంతో రోడ్డంతా సైకిళ్లూ మోటారు సైకిళ్లూ. కాలనీలు దాటాక దిగి, గట్టు మీద పావుగంట నడిచింది. మేఘం పట్టింది గాని చినుకు లేదు.

అసిరమ్మ పేడ కుప్ప తిరగేస్తోంది. గోవింద్‌పూర్ గేదెల కొట్టాల వాళ్లు పేడను కాలవలోకి తోసేస్తుంటే, వారానికొకసారి ట్రాలీ ఆటో మీద తెచ్చుకుని ఇక్కడ మాగబెడుతుందట. శైలజను చూసి పార నేలకు గుచ్చింది. వచ్చావా అని గాని, ఏం తేలిందని గాని అడగలేదు. దబరతో మంచినీళ్లు ఇచ్చి, ఆమె తాగేదాకా ఆగి, నూకమ్మ మడికి తీసుకువెళ్లింది.

నూకమ్మకు ముప్ఫై ఏళ్లుంటాయి. వేరు కాపురం, పక్క మడి. కార్డు వచ్చిన మర్నాడే రాసినంత యూరియా తెచ్చి నీళ్లు కట్టి వేసింది. అత్త వద్దంటే, చదువుకున్నవాళ్లు రాసిందని వాదించిందట. ఆ మాట చెప్పేటప్పుడు శైలజ ముఖం వైపు చూడలేదు. మడిలో వంగ మొక్కలు మోకాలి దాకా రాకుండానే ఆగిపోయాయి. ఆకుల అంచులు కాల్చిన కాగితంలా ముడుచుకున్నాయి. అసిరమ్మ వంగి ఒక మొక్కను మొదట్లో పట్టి పీకింది. అది అడ్డు చెప్పకుండా వచ్చేసింది. వేళ్లు పొట్టిగా, మొద్దుబారి, గోధుమరంగులో ఉన్నాయి. పక్కనే అసిరమ్మ మడిలో వంగను పీకబోతే సగం మట్టి గడ్డ కూడా లేచింది. దాన్ని మళ్లీ గుంతలో పెట్టి మడమతో నొక్కింది.

మడుల దిగువన చిన్న చెరువు ఉంది. మీద నాచు మందంగా, ఆకుపచ్చ పెయింటు డబ్బా ఒంపినట్టు పరుచుకుంది. వేసిన యూరియాలో సగం దాకా పైరుకు అందదని, పంజాబ్‌లోనైనా చైనాలోనైనా అమెరికాలోనైనా మిగిలింది గాలికీ నీళ్లకీ పోతుందని శైలజ ట్రైనింగులో రాసుకుంది. పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు వచ్చాయి. ఆ సగం ఎలా ఉంటుందో ఇవాళే చూసింది.

నూకమ్మ మడిలో కొత్తగా మట్టి తీసుకుంటానంది. అసిరమ్మ పార అందించింది. శైలజ దగ్గరలో ఖాళీగా ఉన్న చోట పార వేసింది. అది గట్టు పక్క. పార నాలుగు వేళ్ల లోతు దిగి ఆగింది. మళ్లీ వేసింది. అసిరమ్మ అది చూసి అడిగింది.

"ఇంతకు ముందెప్పుడైనా మట్టి తవ్వినావా అమ్మీ?"

శైలజ ఆగింది. తొమ్మిదేళ్లలో ఎన్ని వేల సంచులు విప్పిందో చెప్పలేదు గాని, ఒక్క సంచీ కూడా తను నింపలేదు. "లేదు," అంది.

"గట్టు కాడ తీత్తే గట్టు మట్టే వత్తాది. పేడ కుప్ప కాడ తీత్తే పేడే వత్తాది. నడిమికి రా."

అసిరమ్మ ముందు నడిచింది. మడిలో వంకరటింకరగా పది చోట్ల ఆగింది. ప్రతిచోటా పైన గడ్డీ గాదం పక్కకు తోసి, జానెడు లోతు గుంత తవ్వించి, గుంత గోడ వెంట పైనుంచి కిందకి ఒక పలచటి మట్టి చెక్క తీయించింది. పదింటినీ గోనె మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండింటిని పారబోయించింది. మళ్లీ కలిపి, మళ్లీ పంచింది. శైలజ ప్రతి ఊరికీ పంపే కాగితంలో ఉన్న పద్ధతే అది. ఏప్రిల్లో వచ్చినవాళ్లు ఆ కాగితం పంచితే, దాన్ని దాచుకుని ఒంటబట్టించుకున్నది ఈమె ఒక్కతే. ఎవరి చేతనో చదివించుకుందట.

ఆరో గుంత దగ్గర శైలజ చేతులకు పొక్కులు లేచాయి. పమిట చెంగు చుట్టుకుని తవ్వింది. అప్పుడే అడిగింది, రెండు సంచులు ఎందుకిచ్చావని, ల్యాబ్ మీద ముందే అనుమానమా అని.

"అనుమానమేటి," అంది అసిరమ్మ. "కాటాని నమ్మాలంటే ఒకటే సరుకు రెండుపాలి తూసి సూడాల. మంచి కాటా అయితే దానికి కట్టమేటి?"

ప్రతి పది సంచుల్లో ఒకదాన్ని రెండుసార్లు పరీక్షించి సరిచూసుకోవాలని ల్యాబ్ గోడ మీద ఫ్రేము కట్టి ఉంది. శైలజ ఆ మాట చెప్పలేదు. అసిరమ్మ మడి అంకె నాలుగు పాయింట్ తొమ్మిది అని చెప్పింది. సున్నం వేయాలని, చాళ్లలో ఎంతెంత వేయాలో, నాటడానికి ఎన్ని రోజుల ముందు వేయాలో చెప్పింది. యూరియా సగానికి తగ్గించినా ఆమె మడికి లోటుండదంది. అసిరమ్మ అన్నీ విని, సున్నం మాట కోడలి చేత రాయించింది. తర్వాత, ఇది తనొక్కతికి చెప్తే సరిపోదని, ఆరువందల మందికి చెప్పాలని, అది ఎలా చేస్తావని అడిగింది.

ఆటోలో తిరిగి వస్తూ శైలజ ఆ ప్రశ్నకు జవాబు కోసం వెతకలేదు. జవాబు ఆమెకు తెలుసు. సీతారాండేరాలో ఇంటికి చేరాక అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ భర్త కిషోర్‌తో చెప్పింది. టాటానగర్ స్టేషన్‌లో రైలు సిగ్నళ్లు చూసే మనిషి అతను. అంతా విని, తప్పు సిగ్నల్ పడిందని తెలిశాక ముందు బండిని ఆపాలని, ఎవరు వేశారన్నది తర్వాత చూసుకోవచ్చని అన్నాడు. ఉద్యోగం పోతే ఏం చేద్దామని ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోనే అన్నాలు తిన్నారు.

గురువారం ఉదయం ల్యాబ్ తెరవగానే ఆమె ఉత్తరం రాసింది. హిందీలో, పది వాక్యాలు. ఆ ఆరువందల నలభై కార్డుల మట్టిని తాను పరీక్షించలేదని, వాటి మీద తన సంతకం తనను అడగకుండా అచ్చు వేశారని, మే నెలలోనే సంచులు చూసి కూడా ఊరుకోవడం తన తప్పని, ఆ కార్డులు చూసి ఎవరూ ఎరువు వేయకూడదని. అసిరమ్మ రెండు కార్డుల అంకెలూ, తాను చేసిన పరీక్ష అంకెలూ కింద రాసింది. ఒక ప్రతి సౌరభ్ బల్ల మీద పెట్టింది. రెండోది కాంట్రాక్టు ఇచ్చిన ఆఫీసుకు తనే తీసుకెళ్లి, అందినట్టు ముద్ర వేయించుకుని వచ్చింది.

సౌరభ్ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. నాకు ఒక మాట చెప్పి ఉండాల్సిందన్నాడు. సోమవారమే చెప్పానంది ఆమె. ఆమె వెనక గదిలోంచి ఒక్కో సంచీ తెచ్చి, దారం కోసి, కాగితాల మీద ఆరబోస్తూ పోయింది. సాయంత్రానికి నడిచే చోటు కూడా మిగలలేదు. సౌరభ్ ఇంటికి వెళ్లేటప్పుడు మట్టి తొక్కకుండా కాగితాల మధ్య కాళ్లు ఎత్తెత్తి వేశాడు.

శుక్రవారం పదింటికి అతనికి ఆ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. నిలబడి మాట్లాడాడు. వినడమే ఎక్కువ. పెట్టేశాక శైలజ బల్ల దగ్గరికి వచ్చి, కార్డులన్నీ రద్దు చేశారని చెప్పాడు. ఊరూరికీ కబురు వెళ్తుంది. పాత సంచులైనా, అనుమానమున్న చోట కొత్త మట్టైనా సరే, మూడు వారాల్లో మొత్తం మళ్లీ చేసివ్వాలి. లేదంటే ల్యాబ్ మూసుకోవాలి. ఆరువందల నలభై సంచులు, ఒక్క మనిషి. రోజుకు ఇరవై కంటే అవుతాయా అని అడిగాడు. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

ఆమె కాగితం మీద వేసి చూసింది. పరీక్షకు పట్టే సమయం తక్కువ. ఆరబెట్టడం, చితక్కొట్టడం, ఏరడం, జల్లించడం, వీటికే రోజంతా పోతుంది. ఆ పని చేసే చేతులుంటే రోజుకు నలభై అవుతాయంది. చేతులు ఎక్కణ్ణుంచి తేవాలని సౌరభ్ అన్నాడు.

మధ్యాహ్నం నూకమ్మ ఫోను చేసింది. కార్డులు చూసి ఎవరూ ఎరువు వేయొద్దని ఊళ్లో చెప్పారట, నిజమేనా అని. నిజమేనంది శైలజ. కొత్త కార్డులకు మూడు వారాలు పడుతుందని, ఇక్కడ మనుషులు లేరని, అదే మాటల్లో చెప్పింది. అవతల ఫోను చేతులు మారిన చప్పుడు.

"ఏటి పనది?" అంది అసిరమ్మ గొంతు. శైలజ చెప్పింది. "గెడ్డలు సితక్కొట్టీడం, రాళ్లేరీడం. అంతేనా?" అని, ఆమె పెట్టేసింది.

శనివారం ఉదయం తొమ్మిదికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. మొదట అసిరమ్మ వచ్చింది. వెనక నూకమ్మ, ఆ వెనక మరో తొమ్మిది మంది. కొందరు తెలుగువాళ్లు, కొందరు పక్క బస్తీల వాళ్లు, ఒకావిడ ఒడియాలో మాట్లాడుతోంది. ఎవరి అన్నం క్యారేజీ వాళ్ల చేతిలో ఉంది. చెప్పులు మెట్ల దగ్గర వరసగా విడిచారు. సౌరభ్ కుర్చీలోంచి లేచి, ఎవరు మీరంతా అన్నట్టు శైలజను చూశాడు. ఆ మట్టి వీళ్లదేనని ఆమె చెప్పింది.

అతను బల్లలు గోడకు జరిపించాడు.

శైలజ చెక్క సుత్తి ఎంత బలంగా వేయాలో చూపించింది. రాయి పగిలి మట్టిలో కలిస్తే అంకె మారిపోతుందని చెప్పింది. ఒక సంచీ మట్టి పూర్తిగా తీసి, కాగితం మార్చి, జల్లెడ తుడిచాకే రెండోది విప్పాలంది. ఈ ఒక్క మాట తెలుగులో, హిందీలో రెండుసార్లు చెప్పింది. వాళ్లకు మూడోసారి అవసరం రాలేదు. ఆసిడ్ బల్ల ఉన్న గది గుమ్మానికి అడ్డంగా స్టూలు పెట్టి, లోపలికి మాత్రం ఎవరూ రాకూడదంది. గంట గడిచేసరికి గదిలో సుత్తుల చప్పుడు ఒక తాళంలో పడింది. తాళం తప్పినావిడను పక్కనావిడ మోచేత్తో పొడిచింది. సంచీల మీద పేర్లు నూకమ్మ చదివి చెప్తుంటే, సౌరభ్ రిజిస్టరులో రాశాడు. ఒకచోట అతను పేరు తప్పు రాస్తే, నూకమ్మ కలం తీసుకుని దిద్దింది.

పన్నెండింటికి మొదటి వరస కుప్పెలు తయారయ్యాయి. అందరూ సుత్తులు దించి గుమ్మం దగ్గర మూగారు. నారింజ రంగు నీళ్లు కొన్నిటిలో నల్లబడ్డాయి, కొన్నిటిలో ఆకుపచ్చకు తిరిగాయి. బుధవారం నూకమ్మ మడి నుంచి తెచ్చిన కొత్త మట్టి కుప్పె మాత్రం దాదాపు నారింజగానే ఉండిపోయింది. అదెవరిదని ఆమె అడిగింది.

శైలజ కుప్పె మీది చీటీ చూసుకుంది. మెత్తగా చెప్పే దారులు చాలా ఉన్నాయి. "నీదే," అంది. "మట్టిలో సారం లేదు. పులుపు నాలుగు పాయింట్ ఆరు. ఈ ఏడు వంగ వేయకు. సున్నం, పేడ ఎరువు వేసి జనుము చల్లి, పూతకు రాగానే కలియదున్ను. వచ్చే ఏటికి మారుతుంది."

నూకమ్మ అడ్డంగా ఉన్న స్టూలు మీదుగా వంగి కుప్పెను చూసింది. అత్త ఏమైనా అంటుందని అందరూ ఎదురుచూశారు. "మారతాదా?" అని నూకమ్మే అడిగింది.

"మారుతుంది. మూడు నెలలకోసారి తెచ్చి చూపించు. తవ్వడానికి నేనూ వస్తాను."

"అయితే రాయండి, ఉన్నది ఉన్నట్టు రాయండి," అంది నూకమ్మ. శైలజ రాసింది. ఆ కార్డు మీద కలంతో సంతకం చేసి, తడి ఆరేదాకా ఊది ఇచ్చింది.

ఐదింటికి వాళ్లు చేతులు కడుక్కునేసరికి నలభై మూడు సంచులు అయ్యాయి. ఆడవాళ్లు బస్సు వేళ గురించి మాట్లాడుకుంటూ చెప్పులు వెతుక్కుంటున్నారు. సోమవారం చెరువు అవతలి ఊరి నుంచి పన్నెండు మంది వస్తారని, వాళ్లకు పని చూపించడానికి తనూ వస్తానని అసిరమ్మ చెప్పింది. ల్యాబ్ తెరిచేది తొమ్మిదికి. సౌరభ్ చేతిలో తాళాల గుత్తి పట్టుకుని, సోమవారం ఎన్నింటికి తెరవమంటారని శైలజను అడిగాడు.

"ఆఠ్ బజే," అంది అసిరమ్మ, మెట్లు దిగుతూ.

ఎనిమిదింటికేనని సౌరభ్ తలూపాడు.